సగం మునిగిన పడవ

“నా పంచెలేవి?”

సూట్‌కేసు ముందు గొంతుక్కూర్చుని వెంకటరాజం కేక వేశాడు.

“దండెం మీదున్నయి,” వంటింట్లోంచి శ్యామలమ్మ జవాబు.

“పొద్దుగాలనే పెట్టెల పెట్టిన గదనే!”

“తీసిన.”

“అంగీలు?”

“అవీ తీసిన.”

“మఫ్లరు గూడనా?”

“గంగల నీకు మఫ్లరెందుకయ్యా, చేపలకు కప్పుతవా?”

కోడలు లావణ్య ఉల్లిగడ్డలు కోస్తూ తల ఇంకా కిందికి వంచింది. నవ్వు దాచుకోవడానికి ఉల్లిగడ్డను మించిన సాయం లేదు. కళ్లల్లో నీళ్లెందుకొచ్చాయని ఎవరూ అడగరు.

వెంకటరాజానికి కోపం వస్తే మీసం ఒక పక్కే లేస్తుంది. రెండో పక్క కూడా లేవగా చూసినవాళ్లు వాళ్ల వాడ కాశిబుగ్గలో ఇద్దరే ఉన్నారట. ఆ రోజు శ్యామలమ్మ ఊళ్లో లేదు. ఇవాళ మాత్రం కుడిపక్క లేచి అక్కడే నిలబడింది.

“రేపు పగటికి రైలు. కాజీపేటల ఎక్కాలె. ఇప్పుడు ఆటలాడుతానవా?”

శ్యామలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఇవతలికొచ్చింది.

“ఆట కాదు. నువ్వు వస్తలేవు. నేనూ అనీసూ పోతానం.”

నాలుగు రోజులుగా ఇంట్లో అందరి గొంతుల్లో అడ్డంపడి ఉన్న మాట అది. ఇవాళ బయటపడింది.

కొడుకు విజయ్‌కుమార్ లాప్‌టాప్ మూత సగం దించాడు. మడికొండ కంపెనీలో కొలువు, బుధవారాలు ఇంటినుంచే పని. ఈ బుధవారం ఆఫీసుకు పోయి ఉంటే ఎంత బాగుండేదో అని అతని మొహం చెబుతూనే ఉంది.

“అమ్మా, పేర్లు నాలుగు రోజుల కిందనే పంపిన గదా. బాపు పేరు, నీ పేరు.”

“పంపింది నువ్వే. ఉత్తరంల ఏముండె? మళ్లొకసారి చదువు.”

“ఇప్పుడెందుకమ్మా...”

“చదువు బిడ్డా.”

విజయ్‌కుమార్ ఫోన్ తీసి చదివాడు. “మా గంగా నౌకలోని గదులకు జంపఖానాలు నేసిన మగ్గం జోడీని, పన్నెండు రోజుల యాత్రకు అతిథులుగా ఆహ్వానిస్తున్నాము. ప్రయాణికుల ముందు రోజుకు రెండు గంటలు నేసి చూపవలెను.”

“ఏం జోడీ అన్నవు?”

“మగ్గం జోడీ.”

“అంటే?”

“జోడీ అంటే... మొగుడూ పెండ్లాలు కాదా?”

“అది పెండ్లి జోడీ. మగ్గం జోడీ అంటే ఒక్క పలక మీద పక్కపక్కన కూసొని నేసే ఇద్దరు. ముప్పై ఏండ్ల సంది నా ఎడమ పక్కకు కూసున్నది ఎవరు, గీయనా?”

కంప్యూటర్లో నాలుగు భాషలు రాయగల పిల్లాడు. మగ్గం కింద పాకి, మగ్గం పక్కనే నడక నేర్చినవాడు. ఈ ఒక్క మాట దగ్గర బోర్లాపడ్డాడు.

ఈ జంపఖానాల సంగతి వాడకట్టంతా ఎరిగిందే. పడవలో పద్నాలుగు గదులు, పద్నాలుగు జంపఖానాలు. పడవ ఆగే ఊళ్లు ఒక్కోదాని మీద ఒక్కోటి. చునార్ ఎర్రరాతి కోట, ముంగేర్ బురుజులు, కాల్నాలో గుండ్రంగా కూర్చున్న చిన్న చిన్న గుళ్లు, ఇత్తడి బిందెలు కొట్టే పల్లె, ముర్షిదాబాద్‌లో వెయ్యి దర్వాజాల మహలు. కుడి సగం శ్యామలమ్మది, ఎడమ సగం అనీస్ బేగంది. చేపలున్న జంపఖానాను ఒకనాడు డాబా మీద ఎండలో పరిస్తే, వడ్డేపల్లి చెరువు నుంచి కొంగొకటి వచ్చి పొడిచి ముక్కు విరగ్గొట్టుకుని పోయిందంటారు. కొంగను నేను చూడలేదు. ముక్కు చూసినవాళ్లున్నారు.

“చౌరస్తాల ఫ్లెక్సీ కట్టిండ్రే!” అన్నాడు వెంకటరాజం. అసలు నొప్పి ఇప్పటికి బయటికొచ్చింది. “చంద్రమౌళి సొంతంగ కట్టించిండు. ఊరంత చూసింది.”

ఊరంతా చూసింది నిజమే. చాయ్ హోటల్ దోస్తు చంద్రమౌళి కట్టించిన పది అడుగుల ఫ్లెక్సీ. ఓడ ముందు భాగంలో కళ్లద్దాలు పెట్టుకుని, ఓడకంటే పెద్దగా వెంకటరాజం. పైన ‘గంగా విహారానికి బయలుదేరుతున్న మా అన్నకు శుభాకాంక్షలు.’ కింద మూలన, స్టాంపంత శ్యామలమ్మ. అనీస్ బేగం ఎక్కడా లేదు.

“కాశీకి దంపతులం పోవాలె,” అతను గొంతు తగ్గించాడు. “కొంగుముడి వేసుకొని గంగల మునగాలె. పెద్దలు చెప్పింది.”

“మునుగుడా? భద్రకాళి చెరువు కట్ట మీద జర గాలొస్తెనే నా చెయ్యి పట్టుకుంటవు.”

“అది ప్రేమ.”

“అది భయం. నేను కాశీకి పోతలేను. పడవెక్కనీకి పోతాన. ఆ పడవను కాశీల కట్టేసిండ్రు, గంతే.”

“నేను నేతగాన్ని కాదా? ఏడేండ్లప్పుడే మగ్గమెక్కిన!”

“దిగి ఎన్నేండ్లయింది?”

వెంకటరాజం వేళ్లు మడిచి లెక్కబెట్టాడు. పద్దెనిమిదేళ్లయింది. నేత సంఘం పనులని ఒక ఏడు, నడుమని ఒక ఏడు, చాయ్ హోటల్లో ముఖ్యమైన చర్చలని మిగతా పదహారు.

శ్యామలమ్మ వెనకగది తలుపు తీసింది.

“రా. అనీసు జాగల కూసో. నాలుగేండ్ల బిడ్డను అడిగినా చెప్తది, రెండు సగాలు నడిమిట్ల కలిస్తేనే బొమ్మ. నీ సగం నా సగంతోని కలిస్తే నీ పంచెలు నేనే మడతపెట్టి పెట్టెల పెడ్త. కలవకుంటే?”

“కలుస్తది.”

“కలవకుంటే?”

“అప్పుడు చూద్దాం తియ్,” అన్నాడు వెంకటరాజం. మీసం కొంచెం దిగింది.

మగ్గం మీద కొత్తగా మొదలుపెట్టిన చిన్న జంపఖానా ఉంది. నడిమధ్య ఒక పడవ రావాలి. అతను పలక మీద ఎడమవైపు కూర్చున్నాడు. పలక కిర్రుమంది. నూలు కొట్టే ఇనుప పంజాను రెండు సార్లు చేతిలో తిప్పి చూసుకున్నాడు, చాన్నాళ్లకు కలిసిన చుట్టాన్ని చూసినట్టు.

శ్యామలమ్మ ఎప్పటిలాగే రంగులు పిలవడం మొదలుపెట్టింది.

“నీలం మూడు. తెల్ల రెండు. ఎరుపు నాలుగు. కొట్టు.”

“నాకు కండ్లు లేవా? గొంతెందుకు చించుకుంటవు?”

“అలవాటు. నీలం మూడు.”

ఈ అలవాటు మొదలై ఏడాది. వాడకట్టులో అందరూ శ్యామలమ్మకు మాట్లాడకుంటే తోచదనుకున్నారు. లావణ్య కూడా అదే అనుకుంది.

గంట గడిచింది. వెంకటరాజం చొక్కా వీపుకు అతుక్కుంది. ఊపు వచ్చినప్పుడు పంజాను డప్పు కొట్టినట్టు కొట్టాడు, ఊపు పోయినప్పుడు దోమను తోలినట్టు తాకించాడు. పన్నెండు కావస్తుండగా శ్యామలమ్మ చేయి ఆపింది. లావణ్య, విజయ్‌కుమార్ తలుపు దగ్గరికొచ్చి తొంగి చూశారు.

కుడివైపు సగం పడవ నీళ్ల మీద తేలుతోంది. ఎడమ సగం బొటనవేలంత కిందికి జారి, ముక్కు నీళ్లలో పెట్టింది.

“మునిగింది,” అన్నాడు విజయ్‌కుమార్, నోరు జారి.

“మునగలే!” వెంకటరాజం లేచి నడుము పట్టుకున్నాడు. “అల వచ్చింది. గంగల అలలుండవా?”

“ఉంటయి మామయ్యా,” అంది లావణ్య. “సగం పడవకే వస్తయా అని.”

శ్యామలమ్మ నవ్వలేదు. కొడుకు వైపు తిరిగింది. “ఆ పడవోళ్లకు ఫోన్ చెయ్యి.”

ఫోన్ ఎత్తింది స్రవంతి అనే అమ్మాయి, హైదరాబాద్ ఆఫీసు నుంచి. విజయ్‌కుమార్ స్పీకర్‌లో పెట్టాడు.

“పేరు మార్చుకోవచ్చు సర్. సాయంత్రం ఐదింటివరకే. రైలు టికెట్ సంగతి మేం చూసుకుంటాం. కానీ వెంకటరాజం గారు ఒప్పుకోవాలి. నేను లింక్ పంపుతాను, మీరు కొత్త పేరు పెట్టగానే ఆయన ఫోన్‌కే ఓటీపీ వస్తుంది. ఆరంకెలు. అది వేస్తేనే మారుతుంది.”

అందరి చూపూ ఒక్కసారే వెంకటరాజం మీద పడింది. అతను ఫోన్ తీసి బనీను లోపలి జేబులో దోపి, పైన చొక్కా గుండీ పెట్టుకున్నాడు.

మీసం మళ్లీ లేచింది.

*

అనీస్ బేగం ఇల్లు వెనక గల్లీలోనే. పొద్దున్నే అంబలి తాగి మగ్గం దగ్గరికి వచ్చే మనిషి నాలుగు రోజులుగా అడుగుపెట్టలేదు. కబురు పెడితే కొడుకు షకీల్ వచ్చి, “అమ్మీకి మోకాళ్ల నొప్పులు పెద్దమ్మా,” అని చెప్పి, మొహం చూపించకుండా పోయాడు.

శ్యామలమ్మ పోయేసరికి అనీస్ బేగం గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. కళ్లు చేటమీద లేవు. వేళ్లే రాళ్లను, మెరిగెలను పట్టి అవతల పారేస్తున్నాయి.

“మోకాళ్లెట్లున్నయి?”

“నొస్తలేవు.”

“తెలుసు.”

శ్యామలమ్మ పక్కన కూర్చుంది.

“ఫ్లెక్సీ మంచిగున్నదట గదా,” అంది అనీస్ బేగం. “భాయ్‌సాబ్ హీరో లెక్కున్నడట. నాకైతే కనవడలే. కనవడ్డా నేను లేను గదా.”

“అనీసూ.”

“మీ కొడుకు పిల్లగాడు, తప్పు రాసిండు. భాయ్‌సాబ్ మొగోడు, ఉరికిండు. నువ్వెందుకు ఊకున్నవక్కా? నాలుగొద్దులు.”

శ్యామలమ్మ దగ్గర సాకులు లేకపోలేదు. దారిలో మూడు తయారు చేసుకుని వచ్చింది. ఒక్కటీ బయటికి రాలేదు.

“ఆశపడ్డ,” అంది. “మొదటి దినం... మొగునితోని గంగకు పోతానని నలుగురు అంటాంటే మంచిగనిపించింది. రెండోనాడు సిగ్గయింది. మూడోనాడు ఎట్ల చెప్పాలెనో తెల్వలే. తప్పు నాదే.”

అనీస్ బేగం మొహం కొంచెం పక్కకు తిప్పి ఆమెను చూసింది. ఏడాదిగా ఆమె అలాగే చూస్తుంది. సూటిగా చూస్తే నడిమిట్ల మసక కమ్మి మనిషి మాయమవుతుంది. పక్కకు తిరిగితే అంచులన్నా దొరుకుతాయి. ఈ సంగతి తెలిసింది కంటి దవాఖాన డాక్టరుకు, శ్యామలమ్మకు. షకీల్‌కు కూడా తెలియదు. తెలిస్తే కొడుకు మగ్గం మాన్పిస్తాడు. సంఘానికి తెలిస్తే పడవకు వేరే జోడీని పంపుతారు.

“డాక్టరు ఏమన్నడో యాదికున్నదా?” శ్యామలమ్మ అడిగింది. “వచ్చే యేటికి ఈ చూపు గూడ ఉంటదని చెప్పలేనన్నడు. మనం నేసిన ఊర్లు, మనం ఒక్కటీ చూడలే. ఈ పడవ తప్పితే మళ్ల ఏ పడవ?”

“వెయ్యి దర్వాజాల మహలు...” అనీస్ బేగం చేట కింద పెట్టింది. “అండ్ల కొన్ని ఉత్త దర్వాజాలట గదా. గోడకే చేసినయట, తెరువరావట. ఏది నిజందో ఏది ఉత్తదో చేత్తోని తడిమి చూడాలనుండె.”

“చూస్తవు.”

“అంతమంది ముందట, ఎరుపనుకొని నలుపందుకుంటే?”

“నేను పిలుస్త గదా.”

“పన్నెండు దినాలు పిలుస్తవా?”

“నా గొంతు పోతే సైగ చేస్త. చెయ్యి పోతే మోచేత్తోని పొడుస్త. నీకెందుకు ఫికర్?”

అనీస్ బేగం నవ్వబోయి ఆగింది.

“ఒక్క మాటక్కా. భాయ్‌సాబ్ నోటితోని సరేనంటేనే వస్త. ఆయన వెనక దొంగ లెక్క రాను.”

“ఆయన నోరు నేను తెరిపిస్త.”

“ఇంగొకటి.” ఆమె గడప పట్టుకుని లేచింది. “లావణ్య ఇందాక ఫోన్ చేసింది. పడవ సగం మునిగిందట గదా? నా జాగల గట్లుంటే నాకు అన్నం దిగదు. అది సరి చేసి పోత. గంతవరకే.”

*

నాలుగూ ముప్పైఐదు.

అనీస్ బేగం వెనకగదిలో తన పలక మీద తన జాగాలో కూర్చుంది. వెంకటరాజం నేసిన సగాన్ని వేళ్లతో తడిమింది. పోగు తర్వాత పోగు విప్పుకుంటూ పోయింది. గంటసేపు చెమటోడ్చిన పని పావుగంటలో నూలు ఉండై ఆమె ఒళ్లో పడింది. వెంకటరాజం తలుపు చెక్కకు ఆనుకుని చూస్తున్నాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు.

శ్యామలమ్మ కుడివైపు కూర్చుని తన సగాన్నీ అంతవరకు విప్పింది. “నీలం మూడు. తెల్ల రెండు. కొట్టు.”

రెండు పంజాలు ఒక్క చప్పుడుగా పడ్డాయి. అతను కొట్టినప్పుడు రెండు చప్పుళ్లు వినిపించాయి. ఆ తేడా అతని చెవులకూ అందింది. ఎంతైనా ఏడేళ్లకు మగ్గమెక్కినవాడు.

“లింక్ వచ్చింది,” అన్నాడు విజయ్‌కుమార్. “అనీసమ్మ పేరు పెట్టిన. బాపూ, నీ ఫోన్ చూడు. పది నిమిషాలే ఉంటది.”

బనీను జేబులో ఫోన్ గుర్రుమంది.

వెంకటరాజం కదల్లేదు. శ్యామలమ్మ పంజా ఒళ్లో పెట్టుకుని భర్త వైపు తిరిగింది.

“నేను ఇట్ల పోవుడు నీకు నామోషీ. తెలుసు. ఆ ఫ్లెక్సీ కింది నుంచే నువ్వు రోజూ చాయ్‌కి పోవాలె. అదీ తెలుసు. అయినా పోత. నువ్వు అంకెలు చెప్పకుంటే పడవకు పోను. నీతోని గూడ పోను. ఈ మగ్గం మీద మళ్ల కూసోను. ఇగ నీ ఇష్టం.”

గొంతు పెంచలేదు. శ్యామలమ్మ గొంతు పెంచితే వెంకటరాజానికి ధైర్యంగా ఉంటుంది. ఇలా నెమ్మదిగా మాట్లాడితేనే చెమటలు పడతాయి.

అతను గుండీ విప్పి ఫోన్ తీశాడు. చేయి చాపినంత దూరం పెట్టి చూశాడు.

“నాలుగు,” అన్నాడు. “ఏడు. ఒకటి.”

ఆగాడు.

అతను చూస్తున్నది ఫోన్‌ను కాదు. శ్యామలమ్మ భర్తతో మాట్లాడుతూ రంగు పిలవడం మరిచిపోయింది. పిలుపు లేని అనీస్ బేగం చేయి కాసేపు గాలిలో ఆగి, వరస ప్రకారం ఎరుపు అందుకోబోయి, పక్కనున్న నలుపు ఉండను తీసింది. నల్లపోగును నిదానంగా, శ్రద్ధగా, ఎర్రగా ఉండాల్సిన పడవ అంచులోకి దూర్చింది.

వెంకటరాజం ఆ నల్లపోగును చూశాడు. ఆమె పక్కకు తిప్పుకున్న మొహాన్ని చూశాడు. తర్వాత భార్యను చూశాడు.

“ఏడాది సంది రంగులెందుకు పిలుస్తానవో ఇప్పుడు సమజైంది,” అన్నాడు మెల్లగా.

అనీస్ బేగం చేయి ఎక్కడిదక్కడ నిలిచిపోయింది.

“సమజైతే మంచిదే,” అంది శ్యామలమ్మ. “మిగిలినయి పిలువు.”

“బాపూ, నాలుగు నిమిషాలు!”

“రెండు,” అన్నాడు వెంకటరాజం. “సున్న.”

ఐదంకెలయ్యాయి. అతను నాలుగడుగులు వేసి మగ్గం ముందుకొచ్చాడు. ఫోన్ తిప్పి అనీస్ బేగం కళ్లకు సూటిగా పట్టాడు.

“ఆఖరిది నేను చెప్ప. అనీసు చదువుతది.”

“మామయ్యా, అదేంది?” అంది లావణ్య.

“పన్నెండు దినాలు పరాయి జనంల నేసే మనిషి. ఒక్క అంకె చదవలేదా? చదువమ్మా.”

అది కోపమో, భయమో, నిజంగానే వాళ్లిద్దరి గురించిన బెంగో, అతనికే తెలిసి ఉండదు.

అనీస్ బేగం ఫోన్ వైపు చూడలేదు. పోగుల మీద చేయి పెట్టి, తల వంచుకుని, ఎదురుచూసింది. ఏడాదిగా ఏ పిలుపుకోసం చెవి ఇస్తుందో దానికోసమే.

పలక ఒక్కటే. భుజాలు ఆనుకునే ఉన్నాయి. ఒకామె ముందు పెట్టింది రెండో ఆమె ముందు పెట్టినట్టే. శ్యామలమ్మ ఓరచూపుతో అంకె చూసింది. తల ఎత్తలేదు, గొంతు మార్చలేదు. రోజూ పిలిచినట్టే పిలిచింది.

“ఆరు.”

“ఆరు,” అంది అనీస్ బేగం.

విజయ్‌కుమార్ వేలు నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది.

“మారింది,” అన్నాడు. “అమ్మా, పేరు మారింది!”

లావణ్య చప్పట్లు కొట్టి, మామ మొహం చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

వెంకటరాజం ఫోన్ జేబులో వేసుకున్నాడు. దండెం మీది కండువా తీసి దులిపాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

“ఎటు బాపూ?”

“చాయ్‌కి.”

వెంకటరాజం కడుపులో ఒక మాట చాయ్ చల్లారేదాకా నిలిచిన దాఖలా కాశిబుగ్గలో ఇంతవరకు లేదు. చంద్రమౌళి అక్కడే ఉంటాడు. అనీస్ బేగం కళ్ల సంగతి తెలియకూడని సంఘం వాళ్లూ అక్కడే ఉంటారు. ఇంకా రైలుకు ఇరవై గంటలుంది.

“భాయ్‌సాబ్,” అంది అనీస్ బేగం. ముప్పై ఏళ్లలో ఆమె అతన్ని నేరుగా పిలవడం నాలుగైదు సార్లే.

అతను గడప మీద ఆగాడు. వెనక్కి తిరగలేదు. కండువా భుజం మార్చుకుని, మెట్లు దిగి, ఫ్లెక్సీ ఉన్న చౌరస్తా వైపు నడిచాడు.

శ్యామలమ్మ వంగి పడవ అంచులోంచి ఆ ఒక్క నల్లపోగును తీసేసింది.

“ఎరుపు నాలుగు,” అంది. “కొట్టు.”

రెండు పంజాలు ఒక్క చప్పుడుగా పడ్డాయి.